గులాబీ పువ్వుల అచ్చు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈసారి వ్యాసానికి రాజుల పేర్లూ యుద్ధాల పేర్లూ వద్దన్నారు మా సోషల్ టీచరు. "మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువును పట్టుకోండి. అది మీ ఇంటికి ఎట్లా వచ్చిందో కనుక్కోండి. అదే చరిత్ర" అన్నారు. మా క్లాసులో చాలామంది తాతల గని దీపం, గని హెల్మెట్టు తెచ్చారు. కేజీఎఫ్‌లో ఎవరైనా ముందు వాటికే చెయ్యి చాపుతారు. నేను మాత్రం ఒక ఇనుప పువ్వును తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అది మా ఇంటిది కాదు. పోయిన సంవత్సరం దాకా పక్కింటిది.

అది గులాబీ పువ్వుల అచ్చు. జానెడు పొడుగు ఇనుప కడ్డీ, దాని చివర మూరెడు వెడల్పు కాదు, నా అరచేతికన్నా చిన్న పువ్వు. ఆరు రేకులు, మధ్యలో గుండ్రటి చుట్టు. నల్లగా, జిడ్డుగా, బరువుగా ఉంటుంది. పైన చెక్క పిడి ఎప్పుడో కాలిపోతే దానికి గుడ్డ చుట్టి తీగతో కట్టారు. మా లైన్లో మా పక్కింట్లో ఉండిన పెద్దమ్మ దాన్ని మా అవ్వ చేతిలో పెట్టి బెంగుళూరుకు కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దమ్మ అంటే మాకు చుట్టం కాదు. వాళ్ళు క్రైస్తవులు, ఇంట్లో తమిళం మాట్లాడతారు. మాతో తెలుగే మాట్లాడేది. "ఆ ఇంట్లో నన్ను నూనె దగ్గర నిలబడనీరు. నువ్వే పెట్టుకో. తుప్పు పట్టనీవద్దు" అని చెప్పిందంట.

ప్రతి క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి మాకు ఒక పళ్ళెం వచ్చేది, పైన కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పి. సంక్రాంతికి, ఉగాదికి మేము అదే పళ్ళెంలో ఓళిగలో, అత్తిరసాలో పెట్టి పంపేవాళ్ళం. పళ్ళెం ఎప్పుడూ ఖాళీగా వెనక్కి పోకూడదు, అది లైన్ల మర్యాద. క్రిస్మస్ పళ్ళెంలో నాలుగు రకాలు ఉండేవి. కేకు ముక్కలు, గులాబీ పువ్వులు, కల్‌కల్ అని చిన్న గవ్వల్లాంటి తీపి, ఇంకా కర్జికాయలు. చిన్నప్పుడు నేను, మా తమ్ముడు ఆ పళ్ళెం ముందు కూర్చుని "ఇది వాళ్ళది, ఇది మనది" అని పంచేవాళ్ళం. కేకు వాళ్ళది. కర్జికాయ మనది. గులాబీ పువ్వు దగ్గర తగువు వచ్చేది. ఆ తగువే ఇప్పుడు ఈ వ్యాసం అయింది.

మా అవ్వను అడిగితే అసలు ఆ పళ్ళెం కథ వేరే అని చెప్పింది. "మీ తాత అమ్మ ఉన్నప్పుడు ఆ పళ్ళెం లోపలికి రానిస్తా ఉండ్లేదు మే. కోడిగుడ్డు వేసుంటారు, వాళ్ళ చేతిది మనకొద్దు అంటా ఉండె. వాకిట్లోనే ఎవరికో ఇచ్చేస్తా ఉంటిమి." తరువాత ఒకసారి గనిలో రాయి పేలి మా తాత కాలు విరిగింది. రెండు వారాలు అవ్వ ఆస్పత్రిలోనే ఉంది. పిల్లలకు పక్కింటి పెద్దమ్మే వండి పెట్టింది. "ఆ ఏడు క్రిస్మస్‌కు పళ్ళెం వస్తే మా అత్తే తీసుకొని లోపల పెట్టింది. ఏమీ మాట్లాడలేదు" అని అవ్వ ఆగిపోయింది. మా ఇంట్లో గులాబీ పువ్వుల చరిత్ర మొదలయింది అక్కడే.

ఇక పక్కింటి చరిత్ర. ఫోన్లో పెద్దమ్మను అడిగాను. ఆ అచ్చు వాళ్ళ అమ్మదట. ఆమె దొరల బంగళాలో వంటింటి పని చేసేది. ముందు గుమ్మం నుంచి వెళ్ళడానికి లేదు, వెనక గుమ్మమే. ఆ వెనక గుమ్మం నుంచే వంట నేర్చుకొని వచ్చింది. బంగళాలో ఆంగ్లో ఇండియన్ వంటమనిషి ఒకామె పువ్వులు చేస్తుంటే చూసి నేర్చుకుందట. ఎవరూ రాసిచ్చింది లేదు. కొలతలన్నీ చేతిలోనే.

దొరల బంగళాలు మన ఊరికి ఎట్లా వచ్చాయో అందరికీ తెలిసినదే, కాబట్టి తొందరగా చెప్తాను. 1870లలో మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకొని ఇక్కడ బంగారం వెతికాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ రంగంలోకి దిగింది. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ అనే ప్రాంతం నుంచి గని పనిలో ఆరితేరిన వాళ్ళను తెచ్చారు. కూలికి ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్ళు వచ్చారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరల కోసం క్లబ్బు, టెన్నిసు, గోల్ఫు, చర్చిలు, బడులు. దీన్ని చిన్న ఇంగ్లండ్ అనేవాళ్ళు. మధ్యలో ఆంగ్లో ఇండియన్లు ఉండేవాళ్ళు. వాళ్ళ వంట దొరలదీ కాదు, మనదీ కాదు, రెండూ కలిసిన మూడోది. కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన బ్రిడ్జెట్ వైట్ గారు ఆ వంటల మీద చాలా పుస్తకాలు రాశారు. మన ఊరి జ్ఞాపకాల మీద కూడా ఒక పుస్తకం రాశారు. ఆ వంటల్లో కల్‌కల్, గులాబీ పువ్వు రెండూ ముఖ్యమైనవే.

కేకు సంగతి అవ్వ బాగా చెప్పింది. అప్పట్లో లైన్లలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. డిసెంబరు నెల వస్తే పక్కింటి పెద్దమ్మవాళ్ళు మైదా, గుడ్లు, వెన్న, చక్కెర, ఎండు ద్రాక్ష అన్నీ పెద్ద గిన్నెలో కలిపి, నెత్తిన పెట్టుకొని బేకరీకి పోయేవాళ్ళట. బేకరీవాళ్ళు రేకు డబ్బాల్లో పోసి, ఎవరిది ఏదో తెలియడానికి కాగితం ముక్క మీద పేరు రాసి అంటించి, బ్రెడ్డు కాల్చిన తరువాత మిగిలిన వేడిలో కాల్చి ఇచ్చేవాళ్ళట. "ఆ వారం రోజులు ఆ వీధి అంతా ఒకే వాసన" అంది అవ్వ. ఆమె కేకు తినదు. వాసన మాత్రం అరవై ఏళ్ళయినా మర్చిపోలేదు.

అయితే కార్న్‌వాల్ వాళ్ళు గులాబీ పువ్వులు చేసే వాళ్ళు కాదు. వాళ్ళది మాంసం, బంగాళాదుంప పెట్టి మడిచి కాల్చే పాస్టీ, కుంకుమపువ్వు వేసిన బన్ను. అంటే ఈ నూనెలో వేగే పువ్వు వేరే దారిలో వచ్చి ఉండాలి. ఆ దారి నాకు మా తాత మాటల్లో దొరికింది. తాత తన పై అధికారిని ఎప్పుడూ "మేస్త్రి" అనే అంటాడు. నేను అది మన మాటే అనుకున్నాను. అది పోర్చుగీసు మాట, మెస్త్రె, అంటే గురువు, పనిలో నిపుణుడు. అల్మారా, తువాలు, సబ్బు, ఇస్త్రీ, బొత్తాం, పీపా, అనాస కూడా ఆ భాష నుంచి వచ్చినవే. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవా పట్టుకున్నారు. వాళ్ళు కేజీఎఫ్‌ను పాలించనే లేదు, అయినా వాళ్ళ మాట మన గనిలో దిగింది. మాట వచ్చిన దారిలో పిండివంట రాకుండా ఉంటుందా?

గోవాలో, మంగుళూరులో క్రైస్తవులు క్రిస్మస్‌కు ఇరుగుపొరుగుకు పంచే తీపి పళ్ళేన్ని కుస్వార్ అంటారు. అందులో మా పక్కింటి పళ్ళెంలో ఉన్నవే ఉంటాయి. కల్‌కల్‌ను కొంకణిలో కిడ్యో, అంటే పురుగులు అని పిలుస్తారు. మా తమ్ముడు ఇది విని ఎంత సంతోషించాడో చెప్పలేను. కల్‌కల్ అనేది పోర్చుగీసువాళ్ళు పండగలకు వేయించే ఫిల్యోస్ అనే పిండివంట నుంచి పుట్టిందని చాలామంది అంటారు. ఇక మేము "మనది" అని గీత గీసిన కర్జికాయ అక్కడ నెవ్రి అనే పేరుతో క్రిస్మస్ పళ్ళెంలోనే ఉంటుంది. అంటే ఒకే పళ్ళెంలో అటు నుంచి వచ్చినవి, ఇటు నుంచి పోయినవి రెండూ ఉన్నాయి. మా పంపకం మొదటి రోజు నుంచే తప్పు.

గోవాలో ఈ తీపి ఎవరి చేతుల్లో పెరిగింది? ఇక్కడ కాన్వెంటు మాట వస్తుంది. మనకు కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి. అసలు అర్థం సన్యాసినులు ఉండే మఠం. పాత గోవాలో 1606లో సాంతా మోనికా అనే మఠం మొదలయింది. తూర్పు దేశాల్లో అంత పెద్ద ఆడవాళ్ళ మఠం అప్పట్లో ఇంకొకటి లేదంటారు. అక్కడి సిస్టర్లు కొబ్బరిపాలు, గుడ్డు సొనలు, చక్కెరతో చేసిన తీపి పదార్థాలకు పేరుపొందారు. గోవా బెబింకా అనే పొరల పొరల తీపిని అక్కడి సిస్టరే మొదట చేసిందని ఒక కథ కూడా ఉంది. కథ సంగతి ఎట్లా ఉన్నా, పోర్చుగల్, స్పెయిన్ దేశాల మఠాల్లో గుడ్డు సొన, చక్కెర కలిపి తీపి చేయడం అప్పటికే పెద్ద విద్య. గోవాకు వచ్చింది ఆ విద్యే. ఇక్కడ బాదం బదులు కొబ్బరి పడింది.

ఆ విద్య ఇప్పటికీ బతికి ఉన్న చోటు దక్షిణ స్పెయిన్. ఆ ప్రాంతం పేరు ఆండలూసియా. అక్కడి సంగతి చదువుతుంటే నాకు రెండు చోట్ల ఒళ్ళు జలదరించింది. మొదటిది గని. ఆండలూసియాలో లినారెస్ అనే ఊరిలో సీసం గనులు ఉన్నాయి. 1849 ప్రాంతంలో అక్కడ లండన్ కంపెనీ ఒకటి తవ్వకం మొదలుపెట్టింది. దాన్ని నడిపింది ఎవరనుకున్నారు? జాన్ టేలర్ అండ్ సన్స్! అక్కడికీ కార్న్‌వాల్ మనుషులే వచ్చారు. అక్కడ కూడా ఇంగ్లీషువాళ్ళ సమాధుల తోట ఉంది, మన ఊళ్ళో ఉన్నట్టే. మన ఛాంపియన్ రీఫ్‌కు ముప్పై ఏళ్ళ ముందే ఆ కంపెనీ స్పెయిన్‌లో మన లాంటి ఊరు ఒకటి నడిపిందన్న మాట. ఈ సంగతి చెబితే మా తాత "అట్లయితే వాళ్ళు మనకు పెద్ద దాయాదులు" అన్నాడు.

రెండోది చక్కెర. ఇది మన దేశపు వస్తువు. సంస్కృతంలో శర్కర, పర్షియన్‌లో శకర్, అరబ్బీలో సుక్కర్. 711లో అరబ్బులు, ఉత్తర ఆఫ్రికావాళ్ళు స్పెయిన్‌లో అడుగుపెట్టిన తరువాత చెరకు కూడా అక్కడికి చేరింది. గ్రనాడా సముద్ర తీరంలో చెరకు తోటలు వేశారు. స్పానిష్‌లో చక్కెరను ఇప్పటికీ అసూకర్ అంటారు, అరబ్బీ మాటే. మనం పాకం అనేదాన్ని వాళ్ళు అల్మీబర్ అంటారు, అదీ అరబ్బీ నుంచే. 1492లో గ్రనాడా క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది, 1609 తరువాత ముస్లిం సంతతివాళ్ళను దేశం నుంచే వెళ్ళగొట్టారు. మనుషులను పంపేశారు గానీ వాళ్ళ తీపిని పంపలేకపోయారు. పెస్తీన్యో అని ఒక పిండివంట ఉంది. పిండిలో నువ్వులు, సోంపులాంటి గింజలు కలిపి, మడిచి, నూనెలో వేయించి, తేనెలో ముంచుతారు. 1528లో అచ్చయిన ఒక స్పానిష్ పుస్తకంలోనే దీని పేరు ఉంది. సముద్రానికి అటువైపు మొరాకోలో దాదాపు ఇట్లాంటిదే షెబాకియా అనే పేరుతో రంజాన్ నెలలో చేస్తారు. ఒడ్డు ఇటు క్రిస్మస్, ఒడ్డు అటు రంజాన్, బాణలిలో ఉన్నది మాత్రం ఇంచుమించు ఒకటే. మన రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ చూసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

ఇప్పుడు అక్కడి మఠాల గురించి. సెవిల్ నగరంలో సాన్ లెయాంద్రో అనే పాత మఠం ఉంది. అక్కడి సిస్టర్లు బయటికి రారు. బయటివాళ్ళు లోపలికి పోరు. కానీ వాళ్ళు చేసే యెమా అనే తీపి కోసం జనం వస్తారు. యెమా అంటే గుడ్డు సొన. సొనను మరుగుతున్న చక్కెర పాకంలో దారాల్లాగా పోసి, తీసి, ముద్ద చేసి కాగితంలో చుడతారు. కొనే పద్ధతి ఇంకా వింత. గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అల్మారా ఒకటి ఉంటుంది, దాన్ని తోర్నో అంటారు. గంట కొడితే లోపల నుంచి ఒక గొంతు మరియమ్మ పేరుతో దీవెన పలుకుతుంది. మనం జవాబు చెప్పి, ఏం కావాలో చెప్పి, డబ్బు తోర్నోలో పెట్టాలి. అది తిరుగుతుంది. మళ్ళీ తిరిగి వచ్చేటప్పటికి డబ్బు ఉన్న చోట తీపి డబ్బా ఉంటుంది. చేసినామె మొహం కనపడదు.

ఇది చదివినప్పుడు నాకు పెద్దమ్మవాళ్ళ అమ్మ గుర్తొచ్చింది. బంగళా డైనింగ్ టేబుల్ దగ్గర పువ్వులు తిన్నవాళ్ళు కూడా ఆమె మొహం చూసి ఉండరు. సిస్టర్లు తమ ఇష్టంతో గోడ వెనక ఉన్నారు, ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. ఆ తేడా చిన్నది కాదు.

సిస్టర్లు తీపి అమ్మడం ఎందుకు మొదలయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది భక్తి మాత్రమే కాదు, బతుకు కూడా. మొదట్లో మఠాలకు భూములు ఉండేవి. తీపిని పండగలకు చేసి, సాయం చేసిన పెద్ద ఇళ్ళకు కానుకగా పంపేవాళ్ళు. 1836లో మెందిసాబల్ అనే మంత్రి మఠాల భూములను ప్రభుత్వానికి తీసుకొని వేలం వేసే చట్టం తెచ్చాడు. భూమి పోయింది. అప్పుడు చేతిలో మిగిలిన విద్యను అమ్ముకోవలసి వచ్చింది, కుట్టుపని, బట్టలు ఉతకడం, తీపి. గుడ్డు సొనలు ఎక్కువగా వాడటానికి కూడా ఒక కారణం చెబుతారు. ఖెరెస్ ఊరిలో ద్రాక్ష సారా చేసేవాళ్ళు దాన్ని తేటపరచడానికి తెల్లసొనలు వేస్తారు. మిగిలిన పచ్చసొనలను మఠాలకు ఇచ్చేసేవాళ్ళు. ఒకరు పారేసేదానితో ఇంకొకరు పేరు తెచ్చుకున్నారు.

మనకు ఇట్లాంటిదే గుర్తొస్తే అది తిరుపతి లడ్డూ. దేవుడి వంటిల్లు, దాన్ని పోటు అంటారు, అక్కడ తరతరాలుగా చేతులు మారుతూ వస్తున్న కొలత, 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ తేడా ఉంది. లడ్డూ ప్రసాదం. దేవుడికి పెట్టి మనకిస్తారు. యెమా ప్రసాదం కాదు, కష్టార్జితం. ఇంకో సంగతి, తిరుమల పోటులో చేసేది మగవాళ్ళు, సెవిల్‌లో ఆడవాళ్ళు. మా అవ్వ దీని మీద ఒక మాట అంది, అది ఇక్కడ రాస్తే టీచరు కొట్టేస్తారు.

మఠాల పక్కనే మామూలు మిఠాయి దుకాణాలు కూడా పెరిగాయి. ఎస్తేపా అనే ఊరిలో 19వ శతాబ్దంలో మికాయెలా రూయిస్ తెయ్యెస్ అనే ఆమె ఉండేది. ఊళ్ళో పందికొవ్వు, గోధుమపిండి, చక్కెరతో మాంతెకాదో అనే మెత్తటి తీపి చేసేవాళ్ళు, కానీ అది ప్రయాణంలో నిలిచేది కాదు. ఈమె పైభాగం ఎండి, లోపల మెత్తగా ఉండేలా చేసింది. ఆమె భర్త బండి తోలి కొర్దోబాకు సరుకు చేరవేసేవాడు. ఆ బండిలోనే తీపి కూడా పోయింది. ఇప్పుడు ఆ ఊరు ఊరంతా క్రిస్మస్‌కు మాంతెకాదో, పొల్వొరోన్ చేసే ఫ్యాక్టరీలే. సెవిల్‌లో లా కంపానా అనే దుకాణం 1885లో తెరిచారు, మన గనుల్లో బంగారం గట్టిగా దొరకడం మొదలయిన రోజుల్లోనే. 1910లో ఇనెస్ రొసాలెస్ అనే ఆమె ఆలివ్ నూనెతో చేసిన పల్చటి రొట్టెల్లాంటి తీపిని కాగితంలో చుట్టి దారినపోయే వాళ్ళకు అమ్మించింది. ఇప్పుడవి చాలా దేశాలకు పోతాయి. ఇద్దరి పేర్లూ మిగిలాయి, ఎందుకంటే వాళ్ళు డబ్బా మీద పేరు వేశారు. గోడ వెనక చేసిన వాళ్ళకు డబ్బా మీద మఠం పేరే ఉంటుంది.

ఇనుప పువ్వు దగ్గరికి వస్తాను. స్పెయిన్‌లో కూడా సరిగ్గా ఇదే అచ్చు ఉంది! అక్కడ దాన్ని పువ్వులు అనే అంటారు, ఫ్లోరెస్. గుడ్డు, పాలు, పిండి కలిపి, కాలిన అచ్చును ముంచి, నూనెలో వేయించి, చక్కెరో తేనెనో పైన వేస్తారు. పండగల్లో, పెళ్ళిళ్ళలో చేస్తారు. అయితే నేను ఇక్కడ ఆగి ఆలోచించవలసి వచ్చింది. ఎందుకంటే ఈ అచ్చు ఒక్క స్పెయిన్‌లోనే లేదు. ఇరాన్‌లో దీన్ని కిటికీ రొట్టె అంటారు, తుర్కీలో ఇనుప తీపి అంటారు, స్వీడన్, నార్వేల్లో క్రిస్మస్‌కు చేస్తారు, మెక్సికోలో ఉంది, కేరళలో అచ్చప్పం, శ్రీలంకలో కొకిస్. కొకిస్ డచ్చివాళ్ళు తెచ్చారని శ్రీలంకవాళ్ళు చెప్పుకుంటారు. మన కోస్తా ఆంధ్రలో అయితే క్రిస్మస్‌తో సంబంధం లేకుండా అన్ని ఇళ్ళల్లో గులాబీ పువ్వులు చేస్తారు. మా చిన్నమ్మ గుంటూరు కోడలు. ఆమెకు ఇది విదేశీ వంట అంటే నవ్వింది.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. కల్‌కల్‌ను దువ్వెన మీదో, ఫోర్కు వెనకవైపునో నొక్కి చుడతారు. మన గవ్వలను గీతలున్న గవ్వల చెక్క మీద నొక్కి చుడతారు. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లాగా ఉంటాయి. పాకంలో మాత్రం తేడా, వాళ్ళది చక్కెర, మనది బెల్లం. చూసి వెంటనే "ఇదిగో చుట్టరికం" అని రాసేశాను. టీచరు ఎర్రసిరాతో గీత గీసి, "పోలిక సాక్ష్యం కాదు, పిండిని చిన్న ముద్ద చేసి నొక్కాలని ఎవరికైనా తోచవచ్చు" అని రాశారు. సరే అని ఒప్పుకున్నాను. మాటకు సాక్ష్యం ఉంది, చక్కెరకు సాక్ష్యం ఉంది, అచ్చుకు ఇనుము తప్ప ఇంకేమీ లేదు. కానీ గనిలో తీసిన ప్రతి గ్రాము బంగారానికి లెక్క పుస్తకం ఉంది. మొత్తం 800 టన్నులకు పైగా అని మనందరికీ కంఠస్థం. అదే బంగళా వెనక గుమ్మం నుంచి ఎవరు ఏం నేర్చుకొని పోయారో ఒక్క పుస్తకంలో లేదు. ఈ మాట టీచరుకు చూపిస్తే ఎర్రసిరా వాడలేదు.

లినారెస్ గనుల సంగతి చివరికి ఏమయిందో కూడా చూశాను. మన గనులకన్నా పదేళ్ళు ముందే మూతపడ్డాయి. గ్రనాడా తీరంలో వెయ్యేళ్ళు పండిన చెరకు కూడా 2006లో చివరి మిల్లుతో ఆగిపోయింది. మఠాల్లోనూ సిస్టర్లు తగ్గిపోతున్నారు. కొన్ని మఠాలు మూసేశారు. మిగిలినవాటిలో చాలాచోట్ల ఇతర దేశాలనుంచి వచ్చిన సిస్టర్లే పని నిలబెడుతున్నారు. సెవిల్‌లో సాంతా పావులా మఠం నారింజ మార్మలేడుకు పేరు. అక్కడ కేరళ నుంచి వెళ్ళిన సిస్టర్లు ఉన్నారు. ఐదు వందల ఏళ్ళ కింద అటు నుంచి ఇటు వచ్చిన వంటను ఇప్పుడు మన దక్షిణాది చేతులే అక్కడ గరిటె తిప్పి కాపాడుతున్నాయి. ప్రతి డిసెంబరులో సెవిల్ రాజభవనంలో చాలా మఠాల తీపి ఒక్కచోట పెట్టి అమ్ముతారు. సిస్టర్లు రారు కదా, వాళ్ళ తరఫున ఊరివాళ్ళు నిలబడి అమ్మిపెడతారు.

మన దగ్గర 2001 ఫిబ్రవరి 28న గని మూశారు. నేను అప్పటికి పుట్టలేదు. హూటర్ శబ్దం నేను వినలేదు. నాకు తెలిసిన కేజీఎఫ్ అంటే తెల్లారుజామున బెంగుళూరు రైలు ఎక్కడానికి పరిగెత్తే మనుషులు. మా లైన్లో ఇరవై ఇళ్ళకు ఎనిమిది తాళాలే. డిసెంబరులో పళ్ళేలు పంచుకునే ఇళ్ళు నా చేతివేళ్ళకన్నా తక్కువ. మిగిలినవాళ్ళు బేకరీలో డబ్బా కొని ఇస్తారు. దాన్ని నేను తప్పనడం లేదు. ఉదయం ఐదుకు రైలెక్కి రాత్రి తొమ్మిదికి దిగే మనిషి ఎప్పుడు కూర్చుని కల్‌కల్ చుడుతుంది? కల్‌కల్ ఒక్కరు చేసేది కాదు. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళతో సహా కూర్చుంటేనే అవుతుంది.

ఈ వ్యాసం రాయడానికి ముందు నేనూ అవ్వా ఆ అచ్చును బయటికి తీశాం. పెద్దమ్మ ఫోన్లో ఒక్కొక్కటే చెప్పింది. బియ్యప్పిండి రెండు పాళ్ళు, మైదా ఒక పాలు, చక్కెర, కొబ్బరిపాలు, ఒక గుడ్డు, కొంచెం నువ్వులు. గుడ్డు దగ్గర అవ్వ రెండు నిమిషాలు ఆలోచించింది. తరువాత తనే కొట్టి వేసింది. అచ్చు నూనెలోనే కాగాలి, చల్లటి అచ్చుకు పిండి అంటదు. ముంచేటప్పుడు ముప్పాతిక వంతే మునగాలి, పై అంచు మునిగిందంటే పువ్వు ఇంక ఊడదు. మొదటిది ఊడలేదు. రెండోది విరిగింది. మూడోది నూనెలో పడి నిప్పురవ్వలాగా నల్లబడింది. "ఏడాది వాడలేదు కదా, దానికి కోపం వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళలో ఒక రాత్రి పెట్టి, తుడిచి, నూనె రాసి, రేపు చెయ్యండి" అంది పెద్దమ్మ.

రెండో రోజు ఏడో పువ్వు దానంతట అదే జారి నూనెలో తేలింది. మొత్తం నలభై మూడు అయ్యాయి. తెల్లగుడ్డ కప్పిన ఆ పాత పళ్ళెం మా ఇంట్లోనే ఉండిపోయింది, ఉగాదికి ఓళిగలు పెట్టి పంపేలోపే పెద్దమ్మ వెళ్ళిపోయింది కాబట్టి. అందులో ఇరవై పెట్టి, విరగకుండా మధ్యలో కాగితం వేసి, బెంగుళూరు రైలుకు పోయే మా మామ చేతికిచ్చాం. సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. చక్కెర ఎక్కువయిందట.